సిలికాన్ మీద వైబీసీఓ ఫిల్మ్: ఎక్స్‌ఆర్‌డీ బాగానే ఉంది, రెసిస్టెన్స్ మాత్రం సున్నాకి రావట్లేదు

తిరుచానూరు_రీసెర్చ్:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, మూడో ఏడాది. ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్, అదే వైబీసీఓ అనే సూపర్‌కండక్టర్‌ని (బాగా చల్లారిస్తే రెసిస్టెన్స్ సున్నా అయ్యే పదార్థం) సిలికాన్ మీద సన్నపొరలుగా పెంచడం నా పని. మా ల్యాబ్‌లో నాకు ముందు సిలికాన్ మీద ఎవరూ చెయ్యలేదు, అడగడానికి సీనియర్లు లేరు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మాది లేజర్ డిపోజిషన్ ఛాంబర్ (లేజర్ పల్సులతో టార్గెట్ అనే ముద్దని ఆవిరి చేసి పొరగా వేసేది), 248 నానోమీటర్ల క్రిప్టాన్ ఫ్లోరైడ్ లేజర్. సిలికాన్ 100 (క్రిస్టల్ ముఖం పేరు) వేఫర్ ముక్క మీద ముందు ఇట్రియా కలిపిన జిర్కోనియా, అంటే వైఎస్‌జెడ్ బఫర్ 80 నానోమీటర్లు వేస్తాను. దాని మీద నేరుగా వైబీసీఓ. హీటర్ 780 డిగ్రీలు, ఆక్సిజన్ 0.3 మిల్లీబార్. డిపోజిషన్ అయ్యాక ఛాంబర్‌ని ఆక్సిజన్‌తో 500 మిల్లీబార్ దాకా నింపి, 450 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లారుస్తాను.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేలతో క్రిస్టల్ అమరిక చూసే పరీక్ష) సి-యాక్సిస్ పీక్‌లు, అంటే పొరలు నిటారుగా పేరుకున్నాయని చెప్పేవి తప్ప ఇంకేవీ లేవు. 005 పీక్ 38.5 డిగ్రీల దగ్గర చక్కగా వస్తోంది. ఫిల్మ్ నల్లగా మెరుస్తోంది, ముఖం చూసుకోవచ్చు. కానీ ఫోర్ ప్రోబ్ (నాలుగు కొనలతో రెసిస్టెన్స్ కొలిచే సాధనం) పెట్టి చల్లారిస్తే రెసిస్టెన్స్ తిన్నగా దిగుతూ వచ్చి, 86 కెల్విన్ దగ్గర గబుక్కున పడుతుంది, ఆ తర్వాత పొడుగాటి తోక. 77 కెల్విన్‌లో కూడా సున్నా లేదు. అదే శాంపిల్‌ని బయటికి తీసి, ఇంకోసారి ద్రవ నైట్రోజన్‌లో ముంచితే తోక ఇంకా పైకి లేస్తుంది. ఒకటైతే ఏకంగా ఓపెన్ సర్క్యూట్ అయిపోయింది.

నెమ్మదిగా చల్లార్చమని మా సార్ అన్నారు. నిమిషానికి 10 డిగ్రీలు ఉన్నదాన్ని 3కి తగ్గించాను. దానివల్ల హాస్టల్ మెస్ మూసేశాక వచ్చి బిస్కెట్లతో సరిపెట్టుకోవడం తప్ప వేరే తేడా ఏమీ కనపడలేదు. తప్పు చల్లార్చడంలో ఉందా, బఫర్‌లో ఉందా? సిలికాన్ వదిలేసి స్ట్రాన్షియం టైటనేట్‌కి పొమ్మంటారా? రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

క్రయో_కుర్రాడు:

మేడమ్, వైబీసీఓ మందం ఎంత? చెప్పలేదు. మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారా?

తిరుచానూరు_రీసెర్చ్:

ప్రొఫైలోమీటర్‌లో స్టెప్ 220 నానోమీటర్ల దగ్గర వచ్చింది. మీరు అడిగాక ఇప్పుడే మైక్రోస్కోప్ కింద చూశాను. మామూలు వెలుతురులో ఏమీ కనపడలేదు. డార్క్ ఫీల్డ్‌కి మార్చగానే సన్నటి తెల్ల గీతలు, ఒకదానికొకటి అడ్డంగా, గళ్ళు గళ్ళుగా. ద్రవ నైట్రోజన్‌లో ముంచని శాంపిల్ మీద కూడా ఉన్నాయి, కాకపోతే తక్కువ. ముంచినదాని మీద చాలా ఎక్కువ. అంచుల దగ్గర గీతల వెంట బూజు పట్టినట్టు తెల్లగా కూడా ఉంది.

చిత్తూరు_పాతకాపు:

ఏమ్మా, నీ జబ్బు నువ్వే పట్టేసినావు. ఆ గీతలే. నువ్వు అంటున్నానని ఏమనుకోవద్దు, చిత్తూరోళ్ళం, అలవాటు. ఉద్యోగమంతా సన్నపొరల ల్యాబుల్లోనే గడిచింది, రిటైరై ఇప్పుడు పాకాల దగ్గర మామిడి తోట చూసుకుంటున్నా. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

780 డిగ్రీల దగ్గర నువ్వు పొర వేసినప్పుడు అది హాయిగా, ఏ లాగుడూ లేకుండా కూర్చుంది. అక్కణ్ణుంచి రూమ్ టెంపరేచర్‌కి వచ్చేసరికి 750 డిగ్రీల దిగుడు. ఈ దారిలో సిలికాన్ ఒక్కో డిగ్రీకి, సగటున చూస్తే, పది లక్షల్లో 3.5 నుంచి 4 వంతులు కుంచించుకుంటుంది. వైబీసీఓ 12 వంతుల పైమాటే. తేడాని 750తో గుణించు, 0.6 శాతం చిల్లర వస్తుంది. కింద సిలికాన్ అర మిల్లీమీటరు మందం, పైన నీ ఫిల్మ్ 220 నానోమీటర్లు. ఎవరి మాట నెగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఫిల్మ్ తను కుంచించుకోవాల్సినంత కుంచించుకోలేక, సాగదీసినట్టు ఉండిపోతుంది. వైబీసీఓ పింగాణీ జాతి. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. ఎండాకాలంలో చెరువు నెర్రెలిచ్చినట్టు విచ్చుకుంటుంది.

ఇక నెమ్మదిగా చల్లార్చడం గురించి. మీ సార్ చెప్పిన సలహా వేరే విషయానికి మంచిదే, దీనికి మాత్రం పనికిరాదు. ఈ లాగుడు పైనుంచి కిందికి మొత్తం ఎన్ని డిగ్రీలు దిగావన్న దాన్నిబట్టి వస్తుంది. గంటలో దిగినా, తెల్లార్లూ దిగినా అదే 0.6 శాతం. ఆ టెంపరేచర్లలో సిలికానూ సర్దుకోదు, ఫిల్మూ సర్దుకోదు. కాబట్టి బిస్కెట్లు మానేసి వేళకి మెస్‌కి పో. 500 నుంచి 400 డిగ్రీల మధ్య మాత్రం తొందరపడొద్దు, ఎందుకంటే వైబీసీఓ ఆక్సిజన్ పీల్చుకునేది అక్కడే. ఆ ఆక్సిజన్ లోపలికి పోతేనే టెట్రాగోనల్ నుంచి ఆర్థోరాంబిక్ అయ్యేది, సూపర్‌కండక్టర్ అయ్యేది. నీకు 86 దగ్గర పడుతోందంటే ఆ పని సరిగ్గానే జరుగుతోంది. ఆక్సిజన్ తక్కువైతే 60 కెల్విన్ చుట్టూ ఎక్కడో వేళ్ళాడేది.

మరి చేతిలో ఉన్నదేమిటి? మందం. సాగిన పొరలో దాచుకున్న శక్తి మందంతోపాటు పెరుగుతుంది. పలచగా ఉంటే ఆ శక్తి బీట తియ్యడానికి చాలదు. 1990లో అమెరికాలో జిరాక్స్ వాళ్ళ పాలో ఆల్టో రీసెర్చ్ సెంటర్‌లో ఫోర్క్ బృందం సరిగ్గా నువ్వు చేస్తున్న పనే చేసింది: సిలికాన్, మీద వైఎస్‌జెడ్, మీద వైబీసీఓ, అన్నీ లేజర్‌తోనే. దాదాపు 50 నానోమీటర్లు దాటితే పగుళ్ళు వస్తాయని వాళ్ళు అప్పుడే తేల్చారు. ఆ లోపు ఉంచితే 86 నుంచి 88 కెల్విన్‌కి రెసిస్టెన్స్ సున్నా, 77 కెల్విన్‌లో చదరపు సెంటీమీటరుకి 20 లక్షల ఆంపియర్లకి పైగా కరెంట్. అంటే నీ 86 కూడా తక్కువేం కాదు. స్ట్రాన్షియం టైటనేట్ మీద వచ్చే 90 ఇక్కడ ఎందుకు రాలేదని రివ్యూలో ఎవరైనా అడిగితే, సాగిన ఫిల్మ్ ఇంతే ఇస్తుందని ధైర్యంగా చెప్పు.

నువ్వు 220కి ఎన్ని పల్సులు కొడుతున్నావో అందులో ఐదో వంతు కొట్టు. వైఎస్‌జెడ్ కూడా సిలికాన్ కంటే ఎక్కువే కుంచించుకుంటుంది కాబట్టి దాన్నీ 50కి తగ్గించు.

ఇక ముంచిన శాంపిల్ ఎందుకు మరీ పాడైందో చూడు. రూమ్ టెంపరేచర్ నుంచి 77 కెల్విన్‌కి పోయేటప్పుడు సిలికాన్ కుంచించుకునేది నామమాత్రం. వైబీసీఓ ఇంకా లాగుతూనే ఉంటుంది. అప్పటిదాకా అంచు మీద నిలబడ్డ ఫిల్మ్ అక్కడ తెగుతుంది. పైగా ఇప్పుడు మనకు వాయుగుండాల సీజన్. తిరుపతిలో గోడలే చెమర్చి ఉంటాయి. డ్యూయర్‌లోంచి (ద్రవ నైట్రోజన్ పాత్ర) శాంపిల్ పైకి తీసి బల్ల మీద పెట్టావనుకో, రెండు నిమిషాల్లో దాని మీద మంచు పేరుకుంటుంది, తర్వాత నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు పగుళ్ళలోకి దిగుతాయి. వైబీసీఓలోని బేరియం నీళ్ళతో కలిసి హైడ్రాక్సైడ్ అవుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కార్బొనేట్ అవుతుంది. నువ్వు బూజు అన్నది అదే. శాంపిల్‌ని డ్యూయర్ మెడ దగ్గర, నైట్రోజన్ ఆవిరిలోనే, వెచ్చబడేదాకా వేలాడదియ్యి. తర్వాత పొడి నైట్రోజన్ ఊదుతూ బయటికి తియ్యి. టార్గెట్‌ని కూడా డెసికేటర్‌లో పెట్టు, అందులో సిలికా జెల్ నీలంగా ఉందో గులాబీ రంగుకి తిరిగిందో వారానికొకసారైనా చూడు.

బఫర్ గురించి అడిగావు. ఇక్కడ నాకు ఇంకో అనుమానం ఉంది, అది పగుళ్ళ వెనక దాక్కుని ఉండొచ్చు. వైబీసీఓ క్రిస్టల్ గళ్ళు, అంటే అణువుల అమరిక మళ్ళీ మళ్ళీ వచ్చే దూరాలు, 3.82, 3.89 ఆంగ్‌స్ట్రామ్‌లు. సిలికాన్‌వి 5.43, వైఎస్‌జెడ్‌వి 5.14. వైబీసీఓ 45 డిగ్రీలు తిరిగి కూర్చుంటే కొంత పొసుగుతుంది. కానీ వైఎస్‌జెడ్ మీద నేరుగా వేస్తే కొన్ని గ్రెయిన్లు (చిన్న చిన్న క్రిస్టల్ ముక్కలు) 45 తిరిగి, కొన్ని తిరక్కుండా కూర్చునే ప్రమాదం ఉంది. ఆ రెండు రకాల గ్రెయిన్లు కలిసే సరిహద్దు దగ్గర సూపర్‌కరెంట్ చతికిలపడుతుంది. నీ ఎక్స్‌ఆర్‌డీ దీన్ని చూపించదమ్మా. మామూలు స్కాన్ పొరలు నిటారుగా పేరుకున్నాయా లేదా అన్నదే చెప్తుంది, పక్కకి ఎటు తిరిగాయో చెప్పదు. 103 పీక్ మీద ఫై స్కాన్, అంటే శాంపిల్‌ని దాని ప్లేన్‌లో గుండ్రంగా తిప్పుతూ తీసే స్కాన్, తియ్యి. 90 డిగ్రీలకొకటి చొప్పున నాలుగు వస్తే సరే. ఎనిమిది వస్తే రెండు రకాలూ ఉన్నట్టు.

దానికి మందు సీరియా, అంటే సీరియం ఆక్సైడ్. గళ్ళు 5.41, వైబీసీఓకి 45 డిగ్రీల్లో చక్కగా సరిపోతుంది. వైఎస్‌జెడ్ మీద ఒక పది నానోమీటర్లు వేసి ఆ పైన వైబీసీఓ వెయ్యి. సిలికాన్‌కి కూడా సరిపోతోంది కదా, వైఎస్‌జెడ్ మానేద్దాం అనుకోవద్దు. సిలికాన్ 100 మీద నేరుగా వేస్తే సీరియా నీకు కావలసిన దిక్కుకి పెరగడానికి మొరాయిస్తుంది. సిలికాన్ మీది సహజ ఆక్సైడ్‌ని గెలిచేది జిర్కోనియమే. మొదటి కొద్ది పల్సులు ఆక్సిజన్ వదలకుండా వాక్యూమ్‌లోనే కొడితే, జిర్కోనియం ఆ సిలికాన్ డయాక్సైడ్‌లోంచి ఆక్సిజన్ లాక్కుంటుంది, మిగిలిన సిలికాన్ మోనాక్సైడ్ ఆ వేడికి ఆవిరై పోతుంది. ఆ తర్వాతే ఆక్సిజన్ కొద్దిగా వదలాలి. నువ్వు మొదటి పల్సు నుంచే ఆక్సిజన్ వదులుతున్నావేమో చూసుకో.

హెచ్ఎఫ్‌లో, అంటే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌లో, ముంచి ఆక్సైడ్ తీసేవాళ్ళూ ఉన్నారు. వేఫర్ పైకి తీస్తే నీళ్ళు తామరాకు మీద బొట్లలా జారిపోవాలి, తడి అంటుకుని ఉందంటే ఆక్సైడ్ ఇంకా ఉన్నట్టు. ఆ దారి పడితే మాత్రం ఒక్కదానివే ఉన్నప్పుడు చెయ్యొద్దు. ప్లాస్టిక్ బీకరే వాడు, గాజుని అది తినేస్తుంది. ఆ ఆసిడ్ ఒంటి మీద పడితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ బీరువాలో కాదు, చేతికి అందేలా బల్ల మీద ఉండాలి.

మాస్టారి_మాట:

పాతకాపు గారు బాగా చెప్పారు. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. సిలికాన్ ఎందుకు? లాంథనం అల్యూమినేట్, మెగ్నీషియం ఆక్సైడ్, సీరియా వేసిన నీలం రాయి (సఫైర్)... వైబీసీఓకి ఇన్ని మంచి సబ్‌స్ట్రేట్లు ఉండగా, దానితో రసాయనికంగా కొట్లాడేదాన్ని తెచ్చుకోవడం దేనికి? 700 డిగ్రీల పైన బఫర్ లేకుండా వైబీసీఓని సిలికాన్ మీద పెడితే బేరియం సిలికేట్ తప్ప ఏం మిగలదు. సిలికాన్ మీదే సూపర్‌కండక్టర్ కావాలంటే నయోబియం నైట్రైడ్ వేసుకోండి, బఫర్ గొడవే ఉండదు.

క్రయో_కుర్రాడు:

పొరలు పొరలుగా ఉండేవే కావాలంటే మెగ్నీషియం డైబోరైడ్ ఉంది కదా సార్, 2001లో బయటపడింది, 39 కెల్విన్. లేకపోతే బిస్మత్ కుప్రేట్ అనే ఇంకో సూపర్‌కండక్టర్ క్రిస్టల్‌ని టేప్‌తో ఒలిచి సిలికాన్ మీద అతికించేస్తున్నారు, పెంచే పనే లేదు. నీళ్ళలో కరిగే స్ట్రాన్షియం అల్యూమినేట్ పొర మీద ఆక్సైడ్ పెంచి, దాన్ని కరిగించి, పైపొరని తీసి సిలికాన్ మీద వేసే పద్ధతి కూడా 2016 నుంచి బాగా నడుస్తోంది.

తిరుచానూరు_రీసెర్చ్:

మాస్టారూ, మాది బోలోమీటర్ ప్రాజెక్ట్. ఇన్‌ఫ్రారెడ్ పడితే ఫిల్మ్ కొంచెం వేడెక్కాలి, ట్రాన్సిషన్ దగ్గర, అంటే రెసిస్టెన్స్ గబుక్కున పడే చోట, అది ఎంత మారిందో కొలవాలి. ఆ వేడి కిందికి పారిపోకుండా వెనక నుంచి సిలికాన్‌ని చెక్కి పలచటి పొర మిగల్చాలి. అలా చెక్కే పద్ధతులన్నీ సిలికాన్‌కే ఉన్నాయి, స్ట్రాన్షియం టైటనేట్‌కి లేవు. అందుకే ప్రపోజల్‌లో సిలికాన్ అని రాశారు. 77 కెల్విన్ దాటి కిందికి పోయే క్రయోస్టాట్ మాకు లేదు.

చిత్తూరు_పాతకాపు:

అదీ సంగతి! బోలోమీటర్ అని మొదటే చెప్పి ఉంటే సగం రాత తప్పేది. నీకు లక్షల ఆంపియర్లు అక్కర్లేదు, ట్రాన్సిషన్ నిటారుగా, సిగ్నల్‌లో నాయిస్ లేకుండా పడితే చాలు. 40 నానోమీటర్లు నీకు లోటు కాదు, లాభం. పలచని ఫిల్మ్ వేడిని తక్కువ దాచుకుంటుంది, త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లబడుతుంది. 220 ఎందుకు పెట్టుకున్నావో నాకు అర్థం కాలేదు, బహుశా స్ట్రాన్షియం టైటనేట్ మీద చేసిన పాత రెసిపీ అలాగే దిగి ఉంటుంది.

మాస్టారూ, మీ నయోబియం నైట్రైడ్‌ని కాదనను. కానీ అది 16 కెల్విన్ దగ్గరి సరుకు, ఈ కుర్రాడి మెగ్నీషియం డైబోరైడ్ 39. రెండూ హీలియమో, క్లోజ్డ్ సైకిల్ కూలరో అడుగుతాయి. వైబీసీఓకి ద్రవ నైట్రోజన్ చాలు, అది మన జిల్లాలో పల్లెపల్లెకీ తిరుగుతుంది. ఆవులకు సూది వేసే గోపాలమిత్రల క్యాన్లో పొగలు కక్కేది అదే కదా! ఇక నీళ్ళలో కరిగించే పద్ధతి. బాగుంటుంది, కానీ నీళ్ళంటే పడని వైబీసీఓని నీళ్ళలో తేలేసే పని మూడో ఏడాదిలో రివ్యూ ముందు నేనైతే మొదలుపెట్టను.

1987లో అమెరికాలోని బెల్‌కోర్ అనే టెలిఫోన్ కంపెనీల రీసెర్చ్ సంస్థలో మన దేశం నుంచి పోయిన వెంకటేశన్ బృందం ఈ లేజర్ పద్ధతితో వైబీసీఓ పొరలు వేసినప్పుడు అందరి కళ్ళూ కరెంట్ మీదే ఉండేవి. సిలికాన్ మీద అందరికీ కావలసింది అదే కానక్కర్లేదు.

ఇంకో మాట. నీ ఫోర్ ప్రోబ్ స్ప్రింగ్ పిన్నులా? 40 నానోమీటర్ల మీద ఆ పిన్ను గుచ్చితే ఫిల్మ్‌నీ బఫర్‌నీ చీల్చుకుని సిలికాన్‌ని తాకుతుంది. అప్పుడు రూమ్ టెంపరేచర్‌లో కరెంట్ సిలికాన్‌లోంచి కూడా పారుతుంది, నువ్వు చూసేది వైబీసీఓ రెసిస్టెన్స్ కాదు. చిన్న బంగారం ప్యాడ్లు ఎవాపరేట్ చేసి, వాటి మీద సన్న తీగని సిల్వర్ పేస్ట్‌తో అతికించు. వేఫర్ కూడా హై రెసిస్టివిటీది అడుగు.

హీటర్ సంగతి కూడా చెప్పి వదిలేస్తా. నీ 780 హీటర్ బ్లాక్‌లోని థర్మోకపుల్ చెప్పేది. సిలికాన్ వెనక సిల్వర్ పేస్ట్ సమంగా పరుచుకోకపోతే పైన అంత ఉండదు. వేడెక్కేటప్పుడు లైట్లు ఆర్పి కిటికీలోంచి చూడు. ముక్క అంతా ఒకే ఎరుపులో వెలగాలి. ఒక మూల నల్లగా ఉందంటే కింద గాలి బుడగ ఉన్నట్టు. అక్కడ పెరిగేది వేరే ఫిల్మ్.

తిరుచానూరు_రీసెర్చ్:

చాలా థ్యాంక్స్ సార్. పిన్నులు స్ప్రింగువే. మూల నల్లగా ఉండటం నేనూ చూశాను, హీటర్ పాతదయ్యిందేమో అనుకున్నా.

సీరియా టార్గెట్ మా ల్యాబ్‌లోనే ఉంది. మొన్న సరదాకి వైఎస్‌జెడ్ మీద కొంచెం వేసి స్కాన్ తీశాను. సీరియా 200 పీక్ 33 డిగ్రీల దగ్గర ఉండాలి కదా, ఉంది, చాలా సన్నగా, పదునుగా. ఇంత మంచి పీక్ పది నానోమీటర్లకే వస్తుందా అని డౌట్. మీరు చెప్తే రేపే వైబీసీఓ వేసేస్తాను.

చిత్తూరు_పాతకాపు:

ఆగు ఆగు. ఆ పీక్‌ని నమ్మొద్దు. సిలికాన్ 200 రిఫ్లెక్షన్ నియమం ప్రకారం రాకూడదు, కానీ ఎక్స్-రే క్రిస్టల్ లోపల రెండుసార్లు తిరిగితే 33 దగ్గరే దొంగచాటుగా వస్తుంది. సీరియా పీక్ దానికి ఆనుకునే ఉంటుంది. పది నానోమీటర్ల పొర పీక్ వెడల్పుగా, పొట్టిగా ఉండాలి. సూదిలా ఉందంటే అది సబ్‌స్ట్రేట్‌దే.

శాంపిల్‌ని దాని ప్లేన్‌లోనే కొన్ని డిగ్రీలు తిప్పి మళ్ళీ స్కాన్ తియ్యి. సిలికాన్‌ది అయితే మాయమవుతుంది, లేదా బాగా చిక్కిపోతుంది. సీరియాది ఎటు తిప్పినా కదలదు. ఏమీ వెయ్యని ఉత్త సిలికాన్ ముక్క మీద కూడా ఒక స్కాన్ తీసి పక్కన పెట్టుకో. అది తేలాకే వైబీసీఓ. 103 ఫై స్కాన్‌లో నాలుగు వచ్చాయో ఎనిమిది వచ్చాయో ఇక్కడ పెట్టు, చూస్తా.